పై తూము దాకా నడక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది మా అమ్మ వెంకటనర్సమ్మ ఇచ్చిన ఆస్తి. మిర్యాలగూడ నుంచి సాంసన్ పంపిన జవాబు చదవగానే ఆ ఆస్తంతా ఒక్కసారే ఖర్చు పెట్టేశాను.

సంగతేమంటే, కాల్వ నీళ్ల వంతు ఏ ఊరికి ఏ రోజో చెప్పే యాప్ ఒకటుంది. సాంసన్, అతని స్నేహితులు ఉచితంగా చేసిపెట్టారు. కోడ్ ఎవరైనా తీసుకుని బాగుచేయొచ్చు. కానీ అందులో అంతా రాతే, మా అమ్మకేమో చదువు రాదు. పోయిన యాసంగిలో వంతు మెసేజ్ వచ్చినా చదివిపెట్టేవాళ్లు లేక మా వంతు పోయింది. పొట్టకొచ్చిన వరి కళ్లముందే ఎండిపోయింది. హుజూర్‌నగర్ పక్కన మా ఎకరంన్నర కాల్వకు చిట్టచివర ఉంటుంది మరి. యాప్ చేత మాట్లాడించి తీరాలని అప్పుడే పట్టుబట్టాను.

నేను కోదాడలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను. అసలు కోడ్‌కు నా పేరున ఒక నకలు తీసుకున్నాను. దాన్నే మేం ఫోర్క్ అంటాం. దాని మీద రెండు నెలలు కూర్చున్నాను. ఎవరి గొంతో ఎందుకని అమ్మ చేతనే చెప్పించి రికార్డు చేశాను. ఆదివారం కొత్త యాప్ విడుదల, సోమవారం కాల్వకు నీళ్లు. శుక్రవారం నా మార్పులు పంపితే వచ్చిన జవాబు ఇదీ: "భాగ్యక్కా, నీ కాపీ రెండు నెలల పాతది. ముందు మాది తెచ్చి కలుపుకొని, మళ్ల పంపు."

శనివారం పొద్దున బుసలు కొడుతూ ఊరికి వెళ్లాను. అమ్మ పారతో గట్టు చెక్కుతోంది.

"వాడెవడమ్మా నాకు చెప్పెటానికి? నడుం పడిపోయేదాక కూసొని చేసిన!"

"ఏమన్నడే ఆ పిలగాడు?"

"నాది పాతదంట. మొదలు వాళ్లది తెచ్చుకోవాల్నంట."

అమ్మ పార ఆపింది. "తూము ఎత్తే ముందు మనమేం జేస్తం?"

"పై తూము దాక నడిచి సూసొస్తం."

"మరి నువ్వు రెండు నెల్ల సంది ఒక్కనాడన్న పోయి సూసినవా?"

పైవాళ్లు ఏం మార్చారో చూడకుండా మా చివరి పొలాల్లో ఎవరూ తూము ముట్టరు. ఎనిమిదేళ్ల వయసు నుంచి ఆ నడక నాదే. పైగా పంపే ముందు అసలు కోడ్ చూసుకోమని ల్యాబ్‌లో పిల్లలకు రోజూ చెబుతాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

గట్టు మీదే లాప్‌టాప్ తెరిచి వాళ్ల కొత్త కోడ్ తెచ్చుకున్నాను. వంతు లెక్కగట్టే చోట నా లైన్లూ వాళ్ల లైన్లూ ఢీకొన్నాయి. ఎనిమిది రోజులకోసారి వచ్చే వంతు ఈసారి ఆరు రోజులకే మారిందట. వాళ్లు నెల కిందే సరిచేశారు. నా పాత కోడ్ అలాగే వెళ్లి ఉంటే మా అమ్మ గొంతు ఊళ్లన్నిటికీ తప్పు రోజు చెప్పేది.

రోజులు వాళ్లవి ఉంచి, గొంతు నాది కలిపి, నాలుగుసార్లు పరీక్షించి సాయంత్రానికి పంపాను. "గిప్పుడు మస్తుందక్కా, కలిపేసినం. గొంతెవరిది?" అని అడిగాడు సాంసన్.

"మా అమ్మది."

గురువారం మా వంతు. అమ్మ కొంగున కట్టుకున్న ఫోన్ అమ్మ గొంతుతోనే అరిచింది: "వంతొచ్చింది, తూము కాడికి రా!" పక్క మడిలో చంద్రయ్య తాత ఫోన్‌లో అదే గొంతు. ఆ పక్క ఇంకొకటి. కాల్వ పొడుగునా మా అమ్మే.

"నర్సమ్మా, జర మెల్లగ ఒర్లు, వస్తున్న!" అని అవతలి మడిలోంచి నవ్వాడు బక్కయ్య మామ.

అమ్మ సిగ్గుపడి, వెంటనే నడుం నిటారుగా చేసింది. "సూర్యాపేట దాక గూడ ఇంటరా నా మాట?"

"సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, అంతట ఇంటరమ్మా." డిగ్రీ పట్టా తీసుకున్న రోజున కూడా నాకింత గర్వం లేదు.

అమ్మ పార భుజాన వేసుకుని కాల్వ వెంట పైకి బయల్దేరింది.

"ఎటే అమ్మా? నీ గొంతే చెప్పె గదా వంతొచ్చిందని!"

"చెప్తే? పైన సూడకుంట ఎత్తుతమానే?"

చెప్పులు చేతపట్టుకుని నేనూ వెనకాలే నడిచాను.