పచ్చికకు నీళ్లు

పైపు ఎక్కడో మెలిక పడి నీళ్లు ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరిగైనా చూడకుండా మణికట్టుతో ఒక్క విసురు విసిరింది. ఇరవై గజాల వెనక మెలిక విడిపోయింది. నీళ్లు ఒకసారి తుమ్మినట్టు చిమ్మి మళ్లీ ధారగా పడ్డాయి. కొత్తగా చేరినవాళ్లకు ఇది చేతకాదు. నడుచుకుంటూ వెనక్కి పోయి, వంగి సరిచేసి, మళ్లీ నడుచుకుంటూ వస్తారు.

ఈ నది ఒడ్డున ఆమె నాలుగేళ్లుగా పైపు మోస్తోంది. తోటపనివాళ్లంతా పైపక్క అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. మేస్త్రి కూడా అందులో చూస్తే తప్ప చెప్పలేడు. యాభై దాటిన పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి దిగింది. ఆకుపచ్చ కోటు వీపు మీది తెల్ల అక్షరాలు ఉతికి ఉతికి సగం రాలిపోయాయి. పొద్దున్నుంచీ తడిలో నానిన అరికాళ్లు మధ్యాహ్నానికి ముడతలు పడి, ఎవరివో అయినట్టు తెల్లగా ఉంటాయి.

పన్నెండో బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆమె నడక దానంతటదే మెల్లబడింది. ఆ బెంచీ ఎడమ కాలు పాతిన చోట వాళ్ల పొయ్యి ఉండేది. దాని ముందు గది ఆమె భర్త రిపేరు కొట్టు. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, గొడుగులు, ఏది తెచ్చినా ఒళ్లో పెట్టుకుని విప్పేవాడు. "దీని పని అయిపోయిందయ్యా" అని తెచ్చినవాళ్లే అంటే, "పారేయడానికి నీకంత తొందరెందుకు, సాయంత్రం రా" అనేవాడు. ఆ వీధిలో చెత్తబుట్టకు పోయిన వస్తువంటూ ఉండేది కాదు. వర్షాకాలంలో మోకాళ్ల దాకా నది ఇంట్లోకి వచ్చేదన్నదీ నిజమే. దోమలు, కంపు, అవీ నిజమే. ఇప్పుడిక్కడ గాలి బాగుంది. ఆ మాట కాదనడానికి ఆమెకు నోరు రాదు. పచ్చిక మొలకెత్తిన మొదటి వారం ఎవరూ చూడకుండా దాని మీద అరచెయ్యి ఆన్చి కూర్చుంది కూడా.

ఒడ్డున ఈ తోట వేయడానికి వీధి లేపేసి, వాళ్లను ఊరవతల మూడంతస్తుల ఇళ్లలో పెట్టారు. రెండు బస్సులు మారి, పావుగంట నడవాలి. అక్కడ రిపేరుకు ఏదీ ఎవరూ తేరు. ఉన్నవాళ్లందరూ అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లే. కొళాయి నీళ్లు వాళ్లుండే మూడో అంతస్తు దాకా ఎక్కవు. లిఫ్టు ఉంది, నడవదు. వచ్చిన కొత్తలో ఆయన దాని తలుపు సందులోంచి టార్చి వేసి చూసి, "మోటారు బంగారంలా ఉందే! లోపలి బోర్డు ఎవడో ఊడబెరుక్కుపోయాడు, అంతే" అన్నాడు. ఆ రోజు ఆయన ముఖంలో కళ వచ్చింది. మళ్లీ రాలేదు. నిరుటి నుంచి గుండె నీరసించింది. మెట్లు ఎక్కొద్దు, దిగొద్దు అన్నాడు డాక్టరు.

పదకొండింటికి మేస్త్రి అందర్నీ చెట్టు కింద పోగేశాడు.

"ఇవాళ రెండింటికి ఎవరూ పోయేది లేదు. బయటి దేశాల నుంచి పెట్టుబడివాళ్లు వస్తున్నారు. ఊరు పచ్చగా ఉంటే కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయట. అంటే వాళ్లు చూసేది మన పనినే. ఫోన్లన్నీ ఈ సంచిలో వేసెయ్యండి. ఎవడి జేబులోంచీ పాటలు వినపడకూడదు."

"మూడింటికి మాకు నీళ్ల లారీ వస్తుంది మేస్త్రీ," అంది ఆమె. "రెండ్రోజులకోసారి. ఇంట్లో ఆయన కదల్లేడు."

"పైపక్కా, పొద్దస్తమానం నీళ్లు పారబోసేదానివి. నీకు నీళ్ల కరువేంటి?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఒక్క మాట ఇంటికి చెప్పి ఇస్తానందామనుకునేలోపు ఫోను సంచిలో పడింది, సంచి పక్కమనిషి ముందుకు జరిగిపోయింది.

మూడున్నర దాటాక కార్లు వచ్చాయి. ఎండ మొహాన కొడుతున్నా పనివాళ్లు వరుసగా నిలబడ్డారు. ముందు ఒక ఆఫీసరమ్మ, వెనక నలుగురు పెద్దమనుషులు. దారి పక్కన కొత్తగా నిలబెట్టిన బోర్డు మీద రెండు ఫోటోలు. ఒకదాంట్లో ఇప్పటి ఒడ్డు. రెండోదాంట్లో నల్లటి నీళ్లు, బురద, రేకుల కప్పులు. ఆ రేకుల అంచున, నీడలో, ఒళ్లో ఫ్యాను పెట్టుకుని తలొంచుకున్న మనిషి. ముఖం కనిపించదు. బట్టతల, చెవి మీద దోపుకున్న స్క్రూడ్రైవరు మాత్రం కనిపిస్తాయి.

ఆమెకు ముఖం అక్కర్లేదు. ఆయనే.

"అంతా వ్యర్థమే ఉండేది ఇక్కడ," ఆఫీసరమ్మ ఫోటో మీద వేలు పెట్టి చెబుతోంది. తర్వాత వరుసలోకి చూసి, ఆమెను చేత్తో పిలిచింది. "వీళ్లకు చెప్పమ్మా. ఇదివరకు ఎలా ఉండేది ఈ చోటు?"

మేస్త్రి ముందే నేర్పాడు. నేర్పిన మాటలే నోటికొచ్చాయి.

"బురదమ్మా. కంపు. మనుషులుండే చోటు కాదు."

ఆఫీసరమ్మ ఇంగ్లీషులోకి మార్చి చెబితే పెద్దమనుషులు తలలూపారు. ఒకాయన వంగి పచ్చికను తాకి, వేళ్లకు తడి అంటుకుంటే సంతోషంగా చూపించాడు. ఇరవై ఏడేళ్లు కాపురం చేసిన చోటు. ఉన్నది మనుషులు కాకపోతే మరెవరు? ఆమె వరుసలోకి వెనక్కి వచ్చి నిలబడింది.

ఐదు దాటాక సంచి విప్పారు. ఫోనులో ఆయన చేసిన పిలుపు ఒకటి, రెండు గంటల నలభైకి. ఆ తర్వాతివన్నీ కింది ఇంటావిడవి. తొమ్మిది.

"అక్కా, నువ్వు ముందు బయల్దేరి రా," అంది కింది ఇంటావిడ. ఆమె కోటు కూడా విప్పకుండా బస్సు కోసం నడిచింది.

రెండో బస్సు కొత్తది. కరెంటుతో నడుస్తుంది. పొగ లేదు, చప్పుడు లేదు. పాత బస్సయితే ఇంజను మోతలో ఎవరికీ వినపడకుండా ఏడ్వొచ్చు. ఆ చల్లటి నిశ్శబ్దంలో గొంతు సవరించుకోవడానికి కూడా సిగ్గేసింది. కిటికీ అద్దంలో చూస్తూ, చివరి స్టాపు దాకా చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

మెట్ల మొదట్లో నలుగురు నిలబడి ఉన్నారు. ఆమెను చూసి దారిచ్చారు. కింది ఇంటావిడ చెయ్యి పట్టుకుంది.

"లారీ వచ్చింది. నువ్వు రాలేదు. ఆయనే దిగొచ్చాడక్కా. నేను తెస్తానన్నయ్యా, నువ్వు కూర్చో అంటే వింటేనా! 'మా ఆవిడ పొద్దున్నుంచీ నీళ్లు మోసే మనిషమ్మా, ఇంటికొచ్చి కూడా మోయాలా' అన్నాడు. రెండో అంతస్తు మలుపు దాకా బాగానే ఎక్కాడు. అక్కడ కూర్చున్నాడు. ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నాం."

"మాట్లాడాడా?"

"లేదక్కా. గోడకు ఆనుకుని అట్లానే ఉన్నాడు."

ఆమె మెట్లెక్కింది. పైన, గదిలో చాప మీద పడుకోబెట్టారు. చొక్కా గుండీలు ఎవరో సరిగ్గా పెట్టారు, ఆయన ఎప్పుడూ పైది పెట్టుకోడు. ఆమె పక్కన చతికిలబడి ఆ గుండీ విప్పింది.

"మనుషులుండే చోటు కాదన్నానయ్యా," అంది. "నేనే అన్నాను."

ఆయన అరచేతిలో బిందె అంచు ఒత్తుకున్న గీత ఎర్రగా ఇంకా ఉంది. ఆమె బొటనవేలితో దాన్ని రుద్దింది. ఎంత రుద్దినా పోలేదు. బయట ఎవరో ఎవరికో కబురు చెబుతున్నారు, ఎవరో బెంచీ జరుపుతున్నారు. పొద్దు వాలుతోంది.

కింది మలుపులో, ఆయన కూర్చుండిపోయిన మెట్టు పక్కన, ఎవరూ ముట్టుకోని సగం బిందె నీళ్లు, దుమ్ము పడకుండా దాని మీద నాలుగు మడతలు వేసి ఆయనే కప్పిన తువ్వాలు.