ఇస్సాకు మాట

ఉప్పుగూడలో రైలు పట్టాల పని చేసే ఇస్సాకుకు ఫిట్స్ వచ్చేవి. ఒకసారి పట్టాల మీదే పడిపోతే, బండి వచ్చేలోగా తోటివాళ్లు కాళ్లు పట్టి ఇవతలికి లాగారు. మెదడులో గడ్డ ఉందనీ, తీసేస్తే నయమవుతుందనీ సర్జన్ రామానుజం చెప్పాడు. ఆ గడ్డ మాట పుట్టే చోటుకు ఆనుకొని ఉంది. అందుకే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రోగి మెలకువగా మాట్లాడుతుండాలి.

మత్తు డాక్టరు ఆనందరావు ఆ సంగతి ఇస్సాకుకూ, భార్య రాజమణికీ ఓపికగా వివరించాడు. తల పైచర్మానికి తిమ్మిరెక్కే సూది వేస్తామనీ, మెదడుకు నొప్పి తెలియదనీ, భయం తగ్గడానికి కొద్దిగా మందిస్తామనీ చెప్పాడు. ఇస్సాకు ఒక్కటే అడిగాడు.

"మీరు నా పక్కకే ఉంటరా, సాబ్?"

"ఉంట. నీ చెయ్యి ఇడువ."

ఆపరేషన్ చూడటానికి బయటి ఊళ్ల నుంచి డాక్టర్లు వచ్చారు. పుర్రె తెరిచాక ఆనందరావు రోగి మీద కప్పిన బట్ట కింద తల దూర్చి, ఇస్సాకుతో ఇంటి సంగతులు మాట్లాడిస్తున్నాడు. రామానుజం మెదడుకు సన్నటి కరెంటు తీగ తాకించాడు.

"మా పెద్దబిడ్డ పేరు..." అంటూ ఇస్సాకు ఆగిపోయాడు. తీగ తీయగానే "చంద్రమ్మ" అన్నాడు. కాపాడుకోవలసిన చోటు తెలిసింది.

అక్కడితో ఆపాల్సింది. వచ్చినవాళ్లలో ఒకాయన తనకు సరిగ్గా కనబడలేదన్నాడు. రామానుజం మళ్లీ తాకించాడు. మళ్లీ మాట తెగింది. ఇంకోసారి కరెంటు పెంచి చూపించాడు. ఎవరో నవ్వారు.

"మాట గొంతుల్నే సస్తున్నది, సాబ్," అని ఇస్సాకు ఏడ్చాడు. "నన్ను పండబెట్టుండ్రి."

ఆనందరావు సూది అందుకున్నాడు. ఇప్పుడే వద్దని రామానుజం కసిరాడు. ఆనందరావుకు ఆ ఆసుపత్రిలో ఉద్యోగం ఇప్పించింది రామానుజమే. ఆనందరావు సూది కింద పెట్టేశాడు.

తీగ మరోసారి తాకింది. ఇస్సాకు చెయ్యి బిగుసుకుంది. ఒళ్లంతా కొట్టుకుంది, మెదడు ఉబికి పైకొచ్చింది. గబగబా మత్తిచ్చి నిద్రపుచ్చారు. ఇక మాట్లాడించే వీల్లేక రామానుజం అంచనా మీదే కోశాడు.

గడ్డ పోయింది. ఫిట్స్ ఆగాయి. ఇస్సాకు లేచి కూర్చున్నాడు, చెప్పింది అర్థం చేసుకున్నాడు. మాట మాత్రం రాలేదు. అదంతా గడ్డ వల్లేనని రామానుజం చెబితే, ప్రాణం నిలబెట్టాడని రాజమణి అతని కాళ్లు మొక్కింది. తర్వాత ఆనందరావును వరండాలో ఆపింది.

"మీరే గద బాపు, ముచ్చట పెట్టింది. ఆఖరికి ఏమన్నడు?"

"నొప్పేం లేదన్నడమ్మా."

ఆమె ముఖం తేటపడింది. మంచం దగ్గరకెళ్లి ఆ మాటే భర్తకు చెప్పింది. ఇస్సాకు గుమ్మంలో ఉన్న ఆనందరావును చూశాడు. నోరు తెరిచి, గొంతు నరాలు ఉబ్బేలా పెనుగులాడాడు. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

దూపైతున్నదేమోనని రాజమణి నీళ్లు తాపింది.