అడగని ముద్ద

ఆ పొద్దు ఆకాశం నిండా మేఘమే, చినుకు మాత్రం లేదు. బళ్ళారి దిక్కు నుంచి బూడిదరంగు మబ్బులు గొర్రెలమందలా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, దున్ని పెట్టిన ఎర్రచేల మీద నిలబడకుండా తూర్పుకు సాగిపోతున్నాయి. చెనిక్కాయ విత్తే కాలం దాటిపోతోంది. బాలప్ప ఒక్కసారి తలెత్తి చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళు పట్టాల మీద నడిచినవాడికి ఏ మబ్బు కురుస్తుందో, ఏది ఊరికే మొహం చూపించి పోతుందో తెలుసు. తల దించి కుడి పట్టా వెంట నడక సాగించాడు.

గుంతకల్లు నుంచి దక్షిణానికి పోయే లైనులో ఆయన కీమ్యాన్. భుజం మీద పొడుగు కాడ సుత్తి, స్పానరు. సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా, సద్దిమూట. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండోది చూసుకోవాలి. పట్టాను బిగించి పట్టే ఇనుప క్లిప్పులు ఎక్కడైనా వదులైతే కొట్టి బిగించాలి. చూడక్కరలేదు ఆయనకు. సుత్తి తగలగానే వచ్చే మోత చెబుతుంది. పట్టాల కింద అడ్డంగా పరిచిన ఒక స్లీపరు మీద నుంచి ఇంకో స్లీపరు మీదికి వేసీవేసీ ఆ అడుగు కాళ్ళకు అలవాటైపోయింది. చర్చికి వెళ్ళే మట్టిదారిలో కూడా అంతే దూరం పడుతుంది, మించదు, తగ్గదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మెడ ముందుకు వంగి, నిద్రలో కూడా నేలనే వెతుకుతున్నట్టు ఉంటుంది. భార్య సిద్దమ్మ పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. స్టేషను పక్క క్వార్టరులో ఒక్క ముద్దకు సరిపడా సంగటి కెలుక్కుని, సగం రాత్రికి తిని, సగం తెల్లారి సద్ది కట్టుకుంటాడు.

ఊరి దగ్గర గేటు కాడికి వచ్చేసరికి తప్పెట్లు వినిపించాయి. ఊళ్ళో మారెమ్మ జాతర.

గేటుమ్యాన్ జమాల్ సాబ్ గదిముందు బెంచీ మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"ఏమప్పా బాలప్పా, ఊరంతా పొట్టేళ్ళు కోస్తాంటే నువ్వు సద్దిమూట కట్టుకోని పోతాండావే."

"ఈసారి అక్కోళ్ళింటికి పోతా."

జమాల్ సాబ్ గ్లాసు దించాడు. "ఏమంటివీ? రైలు కూత ఏమన్నా అడ్డమొచ్చి తప్పు ఇనపడెనా నాకు?"

"పోతానంటి గదా అన్నా."

"పదకొండేండ్లకు మీ దేవుడు లీవు శాంక్షను చేసినాడన్నమాట!"

బాలప్ప నవ్వలేదు. సుత్తిని ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

పదకొండేళ్ళ కిందట సిద్దమ్మ కడుపులో గడ్డ లేచి, డాక్టర్లు చేతులెత్తేస్తే, గుంతకల్లు పాస్టరు ఒకాయన నలభై దినాలు వచ్చి ప్రార్థన చేశాడు. ఆమె లేచి నడిచింది. ఇంకో అయిదేళ్ళు బతికింది. ఆలుమగలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పాస్టరు చెప్పినవాటిలో బాలప్ప గట్టిగా పట్టుకున్నది ఒకటే. విగ్రహాలకు పెట్టినది ముట్టకూడదు. ఆ ఏడు జాతరకు అక్క తిమ్మక్క ఇంట్లో బంధువులంతా బంతిగా కూర్చున్నారు. తిమ్మక్క అన్నిటికంటే ముందు తమ్ముడికే వడ్డించింది. ఆయన పల్లెం ముందుకు తోసి, "అమ్మోరికి పెట్టింది నేను తినను" అని లేచి నిలబడ్డాడు. మాట మెల్లగా అనడం కూడా తెలియలేదు ఆ పొద్దు. తిమ్మక్క వంగి పల్లెం తీసుకుని లోపలికి పోయింది.

అమ్మ చనిపోయినప్పుడు బాలప్పకు మూడేళ్ళు. ముద్ద నమిలి నోట్లో పెట్టినంత పని చేసి పెంచింది తిమ్మక్క.

ఆ తరువాత కూడా ఏటా జాతరకు మనిషిని పంపుతూనే ఉంది. ఈయన ఏటా అదే జవాబు పంపాడు. మామూలు రోజుల్లో ఆమె చేలో కలుపు తీస్తుంటే, ఈయన రైలుకట్ట మీద నడిచిపోతుంటే, ఆమె నడుము ఎత్తి చూసేది. "బాగుండావా?" "ఆ. నువ్వు?" "ఆ." అంతకుమించి పదకొండేళ్ళలో మాట లేదు.

నెల కిందట కొత్తగా వచ్చిన పాస్టరును, ప్రార్థన ముగిసి అందరూ పోయాక, చెప్పులు వేసుకుంటూ, జాతరకు అక్క ఇంట్లో తినొచ్చా అని అడిగాడు. ఆ కుర్ర పాస్టరు బైబిలు మళ్ళీ తెరిచి పౌలు రాసిన ఉత్తరంలోనిదే, పాత పాస్టరు చదవకుండా వదిలిన ముక్క చదివాడు. పరాయివాళ్ళు పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, పెట్టింది తిను, ఇది ఎక్కడిదని అడగొద్దు అని అందులో ఉంది. ఎవరన్నా ఇది నైవేద్యమని చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి కోసం మానుకో అని కూడా ఉంది. బాలప్ప గుమ్మం దిగుతూ అనుకున్నాడు. పరాయివాళ్ళు పిలిస్తేనే తినమన్నాడే. అక్క పిలిచింది కదా.

ఈ నెలంతా పట్టాల మీద నడుస్తూ ఆయన ఆలోచించింది అదే. అడగకుండా తినాలి. ఎవరూ చెప్పకుండా ఉండాలి.

గేటు దాటి నాలుగు స్తంభాలు నడిచాడో లేదో, చేనిగట్టు వెంబడి తిమ్మక్క కూతురు జయంతి వస్తూ కనిపించింది. ఉరవకొండలో ఇచ్చారు ఆమెను, జాతరకని వచ్చింది. కట్ట ఎక్కి నిలబడి ఊపిరి తీసుకుంది.

"మామా, అమ్మకు బాగల్యా. రెండు దినాలాయ, గంజి గూడా దిగల్యా. నిన్ను పిల్చుకోని రమ్మనె."

"డాక్టరు దగ్గరికి తీసకపోయినారా?"

"జాతర అయినంక పోతా అంటాది. నీకు తెల్దా ఆమె సంగతి. మీ మామను ఈసారి ఏమీ అడక్కుండా రమ్మను, ఒక ముద్ద తినిపొమ్మను అనింది."

బాలప్ప తలెత్తాడు. "ఏమీ అడక్కుండానా? అట్లనే అనిందా?"

"అట్లనే అనింది."

"ఒస్తా. పదకొండుకంతా ఒస్తానని చెప్పు. నువ్వు గూడా నాకేం చెప్పొద్దు పాపా. ఏం వండినారో, యాడ పెట్టినారో, ఏమీ చెప్పొద్దు."

జయంతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినట్టయింది. "నేనేం చెప్తా మామా! నన్ను నోరు తెరిస్తే కొడతాననింది అమ్మ. ఇప్పుడే రాగూడదా? పని ఎవురన్నా చూసుకుంటారు."

బాలప్ప పట్టాల వైపు చూశాడు. అవి వంపు తిరిగి కొండ వెనక మాయమయ్యేదాకా ఆయనవే. ఇంకొకరు లేరు.

"బండి ఉండాది. చూసుకోని ఒస్తా."

ఆ పొద్దు ఆయన అడుగు మొదటిసారి స్లీపర్లను తప్పింది. రెండేసి దాటుకుంటూ పోయాడు. తన హద్దు చివరి రాయి దగ్గర కూర్చోలేదు, సద్దిమూట విప్పలేదు. వెనక్కి మళ్ళి ఎడమ పట్టా పట్టుకున్నాడు. ఏం మాట్లాడాలో అనుకున్నాడు. పోయి కూర్చుంటాను, ఆమె పెడుతుంది, తింటాను. మాటలెందుకు?

ఊరు కనుచూపు మేరలోకి వచ్చింది. తప్పెట్లు జోరుగా మోగుతున్నాయి. కట్ట కింది నీళ్ళ మోరీ దగ్గర పట్టాల అతుకు మీద సుత్తి తగిలించాడు. మోత బొంగురుగా వచ్చింది. వంగి చూశాడు. వెనక పట్టానూ ముందు పట్టానూ కలిపే ఇనుప బద్దకు నాలుగు బోల్టులు. రెండు కదులుతున్నాయి.

బండికి ఇంకా ముప్పావుగంట ఉంది. రెండు బోల్టులు కదిలినంతమాత్రాన బండి పడిపోదు. సుద్దముక్కతో గుర్తుపెట్టి సాయంత్రం రిపేరు గ్యాంగుకు చెబితే సరిపోతుంది. చాలామంది అదే చేస్తారు, అడిగే దిక్కు లేదు. కానీ పని యజమాని కంటి కోసం చేయొద్దు, దేవుడికి చేసినట్టు చెయ్ అనే మాట ఆయనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకుండా విన్న రోజే అర్థమైంది. అది ముందునుంచీ చేస్తున్నదే. కంకర మీద మోకాలు మోపి స్పానరు తగిలించాడు. ఒకటి బిగిసింది. రెండోదాని మర అరిగిపోయి తిరుగుతోంది. దాన్ని ఊడదీసి, సంచి అడుగున ఉన్న కొత్తదాన్ని నూనెగుడ్డతో తుడిచి ఎక్కించి, బరువంతా వేసి తిప్పాడు. చెమట కంట్లో పడింది. తుడుచుకుంటుంటే అనిపించింది, తప్పెట్లు ఆగిపోయాయని.

బలి అయిపోయిందేమో అనుకున్నాడు. మంచిదే. నేను పోయేసరికి ఆ గొడవంతా సద్దుమణిగి ఉంటుంది.

బండి వచ్చేదాకా పచ్చజెండా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. బోల్టులు కదల్లేదు. కిటికీల్లో మొహాలు ఒకదాని మీద ఒకటి పడి జారిపోయాయి. జెండా చుట్టి, కట్ట దిగి, చేనికి అడ్డంపడి నడిచాడు.

అక్క ఇంటిముందు జనం ఉన్నారు. గొడవ లేదు. తప్పెట్లవాళ్ళు గోడవారగా తప్పెట్లు బోర్లించుకుని కూర్చున్నారు. జయంతి గడపలో కూలబడి ఉంది.

"ఒస్తాడు, ఒస్తాడు, పదకొండుకొస్తాడు అంటానే ఉండె మామా. మళ్ళ కండ్లు మూసుకునె. నిద్రపోయిందనుకుంటిమి."

లోపల తిమ్మక్క గోడవైపు తిరిగి పడుకున్నట్టే ఉంది. బాలప్ప తలగుడ్డ తీసి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మడమల్లో చేనిమట్టి పట్టిన పగుళ్ళు. చిన్నప్పుడు ఆ కాళ్ళ మీదే పడుకోబెట్టుకుని తనకు నీళ్ళు పోసేది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాడు. పెరట్లో ఎవరో జాతర కూర డేగిసాలు ఎత్తి గోడ అవతల గుంతలో ఒంపుతున్నారు. చావింట్లో వండినది ఉంచరు. పదకొండేళ్ళు ఆయన భయపడిన కూడు కుక్కలు చూస్తుండగా మట్టిలో కలిసింది.

పొద్దు వాలేలోపు పూడ్చేశారు. తిమ్మక్క కొడుకు కేశవ కుండ పట్టుకుని తిరుగుతుంటే బాలప్ప పక్కకు జరిగి నిలబడ్డాడు. మట్టి వేసేటప్పుడు మాత్రం ముందుకొచ్చి మూడు పిడికిళ్ళు వేశాడు. ఎవరూ వద్దనలేదు, రమ్మనలేదు. అందరూ స్నానాలకు బోరు దగ్గరికి పోతే, ఆయన కూడా నాలుగు చెంబులు పోసుకుని, తడిబట్టలతోనే సుత్తి భుజాన వేసుకుని పట్టాలెక్కాడు.

గేటు కాడ జమాల్ సాబ్ నిలబడి ఉన్నాడు. డ్యూటీ మారింది, గేటు గదిలో వేరే మనిషి ఉన్నాడు.

"ఇంట్లోకి రా బాలప్పా."

"వద్దన్నా. పోతా."

"రమ్మంటాంటే." చెయ్యి పట్టుకుని క్వార్టరులోకి తీసుకుపోయి చాప మీద కూర్చోబెట్టాడు. ఆయన భార్య దాదాబీ పొయ్యి దగ్గర నుంచి లేచి, కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది.

"మీ అక్క ఉన్నన్నాళ్ళు చెప్పొద్దనింది," అన్నాడు జమాల్ సాబ్. "ఇంక చెప్తా. నువ్వు పల్లెం తోసేసి వచ్చినావు సూడు, దాని మరుసటేడు నుంచి, జాతర పొద్దు తెల్లారేలోపల కోడిని సంకలో పెట్టుకోని ఈడికొచ్చేది. 'ఇది అమ్మోరికి చూపీల్యా సాబూ. నా ఇంట్లో ఈపొద్దు అన్నీ కలిసిపోతాయి, దీన్ని మీ పొయ్యిమీదనే వండండి. తమ్ముడొస్తే దీన్ని తీసకపోయి పెడ్తా' అనేది. నువ్వు రాకపోతివి. సందేళ వచ్చి 'మీరే తినండి' అనేది. పదేండ్లు నీ కోడిని మేం తింటిమప్పా."

బాలప్ప నోరు తెరిచాడు.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు గదన్నా. దినామూ ఇదే దారిలో పోతా."

"నేను గూడా అదే అంటి. 'అడిగి, పరీక్షచేసి తినేటట్లయితే వాడు రావద్దు. నా చేతికూడు నన్ను నమ్మి తినల్ల' అనింది. ఈ పొద్దు లేవల్యాక కోడిని జయంతి చేతికిచ్చి పంపింది." జమాల్ సాబ్ ఆగి, గొంతు తగ్గించాడు. "కోసేటప్పుడు మా దేవుని పేరు చెప్పే కోసినా. దానికి మీ పౌలు ఏమంటాడో నాకు తెల్దు."

ఎగతాళిగా మొదలుపెట్టాడు గానీ చివరికి వచ్చేసరికి ఎగతాళి మిగల్లేదు.

దాదాబీ గరిటె పట్టుకుని సందేహించింది. "సావు జరిగినపొద్దు మీవాళ్ళు నీసు ముట్టరంటారు గదా బాలన్నా. పులుసు లేకుండా ఉత్తన్నం పెట్టనా, మజ్జిగేసి?"

"ఏమీ అడగొద్దు వదినా," అన్నాడు బాలప్ప. "పెట్టు."

ఆమె పెట్టె మీద బట్టలో చుట్టి ఉంచిన స్టీలు పల్లెం తీసింది. కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది. "తమ్మునికి కొత్త పల్లెమని ఇది గూడా ఆయమ్మ తెచ్చిందే. ఆ మొదుటేడే. మేం వాడల్యా."

అన్నం పెట్టింది, కూర పోసింది. జమాల్ సాబ్ ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పుడూ మగవాళ్ళు లేచాక తినే దాదాబీ కూడా తన పల్లెం తెచ్చుకుని వాళ్ళ పక్కన చాప అంచున కూర్చుంది. ముగ్గురూ తిన్నారు. బాలప్ప ముద్ద తరువాత ముద్దగా, నెమ్మదిగా, ఎముకలు పల్లెం అంచున వరసగా పెట్టుకుంటూ తిన్నాడు. రెండోసారి కూర పోస్తే వద్దనలేదు. మధ్యలో ఒక గూడ్సు బండి గోడల్ని కదిలించుకుంటూ పోయింది, అది పోయేదాకా ముగ్గురి చేతులూ పల్లేల మీదే ఆగి, మళ్ళీ కదిలాయి.

తినడమయ్యాక ఆయన దాదాబీని వారించి, తన పల్లెం తానే తీసుకుని బయట తొట్టి దగ్గర కూర్చుని బూడిదతో తోమాడు. నీళ్ళు పోసి బోర్లించి చూస్తే, పల్లెం అడుగున అంగడివాడు అంటించిన కాగితం ఇంకా ఊడలేదు.