ఆరో పెట్టె

నేను ఒక పతకాన్ని. జర్మనీ సైన్యం వారి పోరాట పతకాన్ని. ముందుగా మా చెల్లెలి సంగతి చెప్పుకుంటే గాని నా మనసు కుదుటపడదు. చెల్లెలంటే మరెవరో కాదు, నాతోపాటు ఒకే పెట్టెలో ఉండే వేలెడు రిబ్బను ముక్క. నాలుగు రంగు చారలు తప్ప దానికి ఒంటి మీద ఏమీ లేదు. బరువు లేదు, మెరుపూ లేదు. అయినా సైనికుడు రోజూ కోటు మీద పెట్టుకు తిరిగేది దాన్నే. విందుకి అది, ఫొటోకి అది. నేనేమో గద్ద బొమ్మ చెక్కించుకుని, చుట్టూ ఆకుల దండ వేయించుకుని, మెత్తటి గుడ్డ మీద పడుకుని మూతకేసి చూస్తుంటాను. మీ బీరువాలో పెళ్ళినాటి పట్టుచీరని అడగండి, నా బాధ చెబుతుంది.

నా పుట్టుకలో వింతేమీ లేదు. పిండి అచ్చుతో బిళ్ళలు కోసినట్టు రేకులోంచి నన్ను కోశారు, అచ్చుయంత్రం కింద నొక్కారు, అంచులు అరగదీశారు, పూత పూశారు. మా వంశంలో చాలామంది రోజుల లెక్కన వస్తారు. విదేశంలో ముప్పై రోజులు ఉంటే కంచు రంగువాడు, మూడువందల అరవై రోజులకి వెండి, ఆరువందల తొంభైకి బంగారు రంగు. ఆ లెక్కన వంటింట్లో నిలబడ్డ రోజులకి ఇస్తే పెళ్ళయిన రెండో ఏడు తిరక్కుండానే ప్రతి ఇల్లాలికీ బంగారం రావాలి. ఆ శాఖ ఇంకా ఎవరూ పెట్టినట్టు లేదు.

నా సంగతి వేరు. నేను రోజులకి రాను. ఎదురుగా తుపాకులు పేలుతుంటే అక్కడ నిలబడిన మనిషికే వస్తాను. ఎవరు నిలబడ్డారో ఎవరు నిలబడలేదో చెప్పాల్సింది పైఅధికారి. చిక్కంతా అక్కడే.

ఉత్తరాన సముద్రపు గాలి తగిలే ఒక చిన్న ఊళ్ళోని సైనిక స్థావరానికి మేము ఆరుగురం వచ్చాం. ఆరు పెట్టెలు. వెంట పత్రాలు మాత్రం ఐదే వచ్చాయి. పెట్టెలు తెరిచి లెక్క చూసినవాడు బోడో హింజ్, ఆ కంపెనీలో పెద్ద సార్జెంటు. కుడిభుజం మీద పసుపు తాడు వేసుకుంటాడు. జవాన్ల బట్టలు, తిండి, సెలవులు, కన్నీళ్ళు అన్నీ చూసుకునేవాడు కాబట్టి అలాంటివాణ్ణి ఆ సైన్యంలో 'కంపెనీ తల్లి' అంటారు. ఈ తల్లికి గుబురు మీసాలు. పత్రాలు రెండోసారి లెక్కపెట్టాడు, మూడోసారి లెక్కపెట్టాడు, తర్వాత నన్ను తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. మిగతా ఐదుగురూ మర్నాడు ఐదు గుండెల మీదికి ఎక్కారు.

ఆ సాయంత్రం ఒక ఆడమనిషి గొంతు విన్నాను.

"తల్లీ, నా పెట్టె ఏది?"

"పెట్టె ఉంది ఫ్రౌకే. పత్రం లేదు."

"ఎందుకు లేదు?"

బోడో గొంతు సవరించుకుని కాగితం చదివాడు. "'రెండో వాహనం డ్రైవరు ఆదేశానికి విరుద్ధంగా వరుస విడిచి వెళ్ళినందువల్ల ఇద్దరు సహచరులు ప్రమాదంలో పడ్డారు. దుబాసీ తర్వాత వచ్చి చేరాడు.' కింద కెప్టెన్ ఎగ్గర్ట్ సంతకం."

"వచ్చి చేరాడా? ఏ బస్సులో?"

అప్పుడు ఆమె చెప్పింది. నేను చూసింది కాదు, సొరుగు సందులోంచి విన్నదే మీకు చెబుతున్నాను.

అది ఆఫ్ఘనిస్తాన్‌లో. రెండు బండ్లు, ఆరుగురు సైనికులు, వాళ్ళ మాట అక్కడివాళ్ళకీ అక్కడివాళ్ళ మాట వీళ్ళకీ చెప్పడానికి నూర్ ఆఘా అనే దుబాసీ. పొద్దున బయల్దేరేటప్పుడు ఫ్రౌకె మనిషికొక ఆపిల్ పండు పంచింది. ఏడు పళ్ళు. ఒక కల్వర్టు దగ్గర దిగి ఊరి పెద్దతో మాట్లాడుతుండగా కాల్పులు మొదలయ్యాయి. అందరూ బండ్లలోకి దూకారు. మొదటి బండిలో ఉన్న ఎగ్గర్ట్ రేడియోలో మనుషుల్ని లెక్కపెట్టాడు. మొదటి బండిలో ముగ్గురు, రెండో బండిలో ముగ్గురు, ఆరుగురూ ఉన్నారు, పోనివ్వండి అన్నాడు. రెండో బండి నడిపే ఫ్రౌకె గేరు వేస్తూ వెనక్కి చూసింది. వెనకసీటు మీద సగం కొరికిన ఆపిల్ ఉంది. కొరికిన మనిషి లేడు.

మీ పెళ్ళిళ్ళలో విస్తళ్ళు లెక్కపెట్టే పెద్దమనిషి వడ్డించేవాళ్ళని లెక్కలో వేసుకోడు చూడండి, చివరికి వాళ్ళకే సాంబారు మిగలదు. ఇదీ అంతే. సైన్యం జాబితాలో దుబాసీ లేడు.

"రేడియోలో రెండుసార్లు చెప్పాను, ఇంకొకడున్నాడని. నోరు మూసుకుని నడుపు అన్నారు. వెనక్కి తిప్పాను. కాలవలో పడి ఉన్నాడు, తొడలోంచి రక్తం కారుతోంది. పదకొండు నిమిషాలు పట్టింది. బండిలో ఉన్న ఆ ఇద్దరూ ఏం చెప్పారు?"

"ఆదేశం దాటిందా లేదా అని వాళ్ళని అడిగారు. దాటింది అన్నారు."

"అది నిజమే."

"నిజమే."

"నువ్వు ఆ రోజు స్థావరంలో రేడియో దగ్గర కూర్చున్నావు. నేను చెప్పింది నువ్వు వినలేదా?"

బోడో కుర్చీ కిర్రుమంది.

"నన్నెవరూ అడగలేదు ఫ్రౌకే."

"అడక్కపోతే చెప్పకూడదా?"

ఆమె తలుపు మెల్లగానే వేసి వెళ్ళింది. ధడేలుమని వేసి ఉంటే ఆయనకి కాస్త సుఖంగా ఉండేదేమో.

ఆ రెండు వాక్యాల కాగితం ఫ్రౌకె వెంటపడింది. సైన్యంలో జీవితాంతం ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టుకుంటే ఆ కాగితం చూసి కాదన్నారు. ఒప్పందం గడువు తీరగానే బయటికి వచ్చి అదే ఊళ్ళో సిటీబస్సు నడుపుకుంటోంది. స్థావరం గేటు దగ్గర స్టాపులో ఎక్కే కుర్ర జవాన్లు ఆమె వినేలాగే గుసగుసలాడతారట: బండి తిప్పుకుని పారిపోయింది ఈవిడే. ఆమె టికెట్ చించి ఇస్తుందట. ఇవన్నీ బోడో నాకు చెప్పాడు. నిజానికి సొరుగు తెరిచి తనకి తాను చెప్పుకున్నాడు. ఏటా తనిఖీ వచ్చినప్పుడు నన్ను 'పత్రం రావలసి ఉంది' అని రాసి మళ్ళీ లోపల పెట్టేవాడు. తొమ్మిదేళ్ళు అలా రాశాడు. పాపం, అంతకుమించిన ధైర్యం ఆ మీసాలకి లేకపోయింది.

తొమ్మిదో ఏడు బోడో పదవీ విరమణ వచ్చింది. పసుపు తాడు అప్పగించాల్సింది శుక్రవారం. కొత్తగా తల్లి కాబోయే మనిషి సోమవారమే వచ్చి సొరుగులన్నీ తెరిచాడు.

"ఇదేమిటి?"

"పతకం."

"ఎవరిది?"

"అదే తేలలేదు."

"తొమ్మిదేళ్ళుగా తేలనిది శుక్రవారంలోగా ఏం తేలుతుంది? వెనక్కి పంపేద్దాం. పనికిరానివి కరిగిస్తారు."

కరిగించడం అన్న మాట వినగానే నా పూత జలదరించింది. పతకం కరిగితే రేకు. ఆ రేకుతో మళ్ళీ ఏదో ఒకటి చేస్తారు. కానీ నేను పోతే ఆ రెండు వాక్యాలే మిగులుతాయి. ఆరో పెట్టె ఒకటి వచ్చిందని కూడా ఎవరికీ గుర్తుండదు.

"శుక్రవారం దాకా ఉంచు," అన్నాడు బోడో. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

శుక్రవారం సభకి ముఖ్య అతిథి ఎగ్గర్ట్. ఇప్పుడు లెఫ్టినెంట్ కల్నల్. హోదా పెరిగింది కాబట్టి కోటు కొత్తది కావాలి, దానికి పాత రిబ్బన్లన్నీ వరసగా కుట్టాలి. మంచి టైలరు ఉంటే చూడమని కోటు ముందే బోడోకి పంపాడు. స్థావరం గేటు ఎదురుగా ఒక మంచి టైలరు ఉన్నాడు. కొంచెం కుంటుతాడు. దేశం విడిచి వచ్చాక తండ్రి నేర్పిన కుట్టుపని మీద బతుకుతున్నాడు. పేరు నూర్ ఆఘా. ఆ కోటు ఎవరిదో బోడో అతనికి చెప్పాడు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదట.

శుక్రవారం పొద్దున నన్ను పెట్టెతో సహా తన కోటు జేబులో వేసుకున్నాడు బోడో. ఇక నాకు చీకటి, చెవులు, ఆయన గుండె చప్పుడు, అంతే.

పదిన్నరకి ఫ్రౌకె గొంతు.

"పదకొండూ పదికి నా బస్సు, తల్లీ. పదకొండూ అయిదు దాకా నిలబడతాను. నీ మీసాలకి ఒక నమస్కారం పెట్టి పోతాను."

"వెనకవరసలో నిలబడు. ముందే వెళ్ళకు."

"ఎందుకు?"

"ఊరికే."

తర్వాత ఆఫీసులో ఎగ్గర్ట్ కోటు తొడుక్కోవడం వినిపించింది. అద్దం ముందు అడుగులు ఆగిపోయాయి.

"హింజ్, ఇక్కడొకటి తగ్గింది."

"ఏది కల్నల్ గారూ?"

"పోరాట పతకం రిబ్బను. మధ్యలో ఖాళీ వదిలాడు. చూడండి, దారం గుర్తులు కూడా పెట్టాడు."

"టైలరు బయటే ఉన్నాడు. పిలుస్తాను."

నేలమీద ఒక అడుగు గట్టిగా, ఒకటి మెల్లగా. ఆ మెల్లటి అడుగు గది మధ్యలో ఆగింది.

"నూర్ ఆఘా," అన్నాడు ఎగ్గర్ట్.

"గుర్తున్నానండీ. మంచిది." ఆ మనిషి జర్మన్ భాష ఇస్త్రీ చేసినంత శుభ్రంగా ఉంది. "మిగతావన్నీ కుట్టాను. ఇది కుట్టబోతే చెయ్యి రాలేదు. ఆ రోజు అక్కడేం జరిగిందో నాకు తెలియదు కదా. మీ కాగితం ప్రకారం నేను తర్వాత వచ్చాను."

"ఇది మీ పనేనా హింజ్?"

"కుట్టుపని ఆయనది. కోటు పంపడం నాది," అన్నాడు బోడో. అతని గుండె నా మూత మీద దడదడలాడుతోంది. "ఆ రోజు రేడియో దగ్గర ఉన్నది కూడా నేనే. ఆమె రెండుసార్లు చెప్పింది, ఇంకొకడున్నాడని. నేను విన్నాను. ఈ ముక్క తొమ్మిదేళ్ళ కింద చెప్పాల్సింది."

"పది నిమిషాల్లో సభ. సూది ఉందా? కుట్టెయ్యండి."

"కుడతాను," అన్నాడు నూర్ ఆఘా. "మీరు కుట్టమంటే కుడతాను. ఒక్కటే అడుగుతాను. ఆ రోజు రేడియోలో మీరొక అంకె చెప్పారు. ఎంత?"

రిబ్బను చేతులు మారిన చప్పుడు మాత్రం వినిపించింది, గుడ్డకి గుడ్డ తగిలినంత. ఎగ్గర్ట్ దాన్ని జేబులో వేసుకున్నాడో, పారేశాడో నాకు తెలియదు. తలుపు తెరుచుకుంది. కోటు మీద ఖాళీతోనే బయటికి నడిచాడు.

మైదానంలో గాలి. బూట్లు ఒకేసారి దగ్గరికి చేరిన చప్పుడు. ఎగ్గర్ట్ ఉపన్యాసం మొదలుపెట్టాడు. బోడో హింజ్ సేవలు, బోడో హింజ్ క్రమశిక్షణ, బోడో హింజ్ కాచిన చిక్కుడు సూపు. జవాన్లు నవ్వారు. కాగితం తిప్పాడు. ఇంకో కాగితం. ఎక్కడో గోడగడియారం పదకొండు కొట్టింది. బోడో ఊపిరి బిగపట్టాడు, నా పెట్టె అతని పక్కటెముకలకి అతుక్కుపోయింది. పసుపు తాడు బోడో భుజం మీంచి కొత్త తల్లి భుజం మీదికి మారింది. చప్పట్లు కొట్టారు. ఎగ్గర్ట్ ముగింపు మాటల్లోకి వచ్చేశాడు, అందరికీ ధన్యవాదాలు అన్నాడు.

వెనకవరస నుంచి తాళాల గుత్తి గలగలమంది. బస్సు తాళాలు. గులకరాళ్ళ మీద ఫ్రౌకె అడుగులు గేటువైపు తిరిగాయి. ఒకటి, రెండు, మూడు. బోడో చెయ్యి జేబులోకి వచ్చి నా పెట్టెని గట్టిగా పట్టుకుంది, ఎవరికీ ఇవ్వలేక, వదలనూ లేక.

"ఫ్రౌకె యాన్సెన్," అన్నాడు ఎగ్గర్ట్ మైకులో. "ఒక్క నిమిషం ఆగండి."

అడుగులు ఆగాయి.

"నా బస్సుకి వేళయింది," అంది ఆమె. దూరం నుంచే అయినా అందరికీ వినబడింది.

"తెలుసు. తొమ్మిదేళ్ళు ఆపాను, ఇంకొక్క నిమిషం." కాగితాలు మడిచిన చప్పుడు. తర్వాత వచ్చిన మాటలు కాగితం మీదివి కావు, మధ్యమధ్య ఆగుతూ వచ్చాయి. "ఆ రోజు కల్వర్టు దగ్గర మేము ఏడుగురం. నేను ఆరుగురని లెక్క చెప్పాను. ఆమె ఏడో మనిషి కోసం వెనక్కి వెళ్ళింది. నా లెక్క తప్పని తెలిసి కూడా ఆమె పారిపోయిందనిపించేలా రాశాను. తప్పు నాది."