మహారాజుగారి కాళ్ళు

మూడు వారాల కుట్టుపని ముగిసి, మరునాడు విమానం ఎక్కాల్సిన మధ్యాహ్నం, మహారాజుగారు స్టూలెక్కి బిస్కెట్ల డబ్బా దించుతూ నాకు దొరికిపోయారు.

పరాయి దేశంలో మనవాళ్ళే మన ముసలివాళ్ళ కోసం నడిపే ఆశ్రమం అది. దుప్పట్లకు అంచులు, చొక్కాలకు గుండీలు కుట్టిపెట్టడానికి సేవగా వచ్చాం, నేనూ మా వదినా. వదినంటే మా ఆయన అక్క. నాకు మొగుడు పోయాడు, ఆమెకు తమ్ముడు పోయాడు. ఒకరినొకరు సాధించుకోవడానికి మేమిద్దరం మిగిలాం.

మహారాజు అన్నది అక్కడి ఆయాలు పెట్టిన పేరు. కాళ్ళు పడిపోయాయని ఏళ్ళ తరబడి చక్రాల కుర్చీలో ఊరేగుతున్న మనిషి. ఆ మనిషే ఇప్పుడు మునివేళ్ళ మీద నిలబడి ఉన్నారు.

"చూశావా చెల్లెమ్మా?" అన్నారు.

"ముందు దిగండి, పడతారు," అన్నాను.

బిస్కెట్లు చెరిసగం పంచుకున్నాక సంగతి చెప్పారు. కింది గదులు నడవలేనివాళ్ళకే. నడిచేవాళ్ళు పై అంతస్తుకి పోవాలి. కింద ఆయన పక్కమంచం మాస్టారిది. ఇద్దరికీ రోజూ పేకాట. మాస్టారికి చూపు లేదు.

"ఆయన ముక్కలు నేనే చదివి చెప్తాను. నా ముక్కలు నేను ఆడుకుంటాను. ఇంత సుఖమైన ఆట పైన దొరుకుతుందా?" అన్నారు. ఒళ్ళో పడ్డ పొడి దులుపుకుని, "నేను పోతే ఆయనకి చదివి చెప్పేదెవరు?" అన్నారు మెల్లగా.

నా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా వదినకు చెప్పేశాను. ఆమె మొహం బిగించింది. తిన్నింట్లో మోసం చూసి ఊరుకోదట. వెళ్ళేలోగా మేనేజరమ్మకు చెప్పి తీరుతుందట.

పొద్దున్నే వదిన కళ్ళజోడు గుండీల డబ్బాలో దాచాను. అది దొరికాక చెప్పులు దాచాను. అవీ దొరికాయి. పెట్టె బరువెక్కువైందని బెదిరించి సర్దినదంతా విప్పించాను. మళ్ళీ సర్దేసరికి బయట వ్యాను హారను మోగింది.

"నువ్వెన్ని వేషాలేసినా గుమ్మంలో చెప్తాను," అంది వదిన.

గుమ్మంలో మేనేజరమ్మ డ్రైవరుకు దారి చెబుతోంది. వదిన గొంతు సవరించుకుంది. అలవాటుగా భుజం తడుముకుంది. చేతిసంచీ లేదు. పాస్‌పోర్టు అందులోనే ఉంది. నా హడావుడిలో ఎక్కడ వదిలేసిందో ఏమో, చెప్పాల్సింది మరిచి చుట్టూ వెతుక్కుంటోంది.

ఇంతలో వరండాలో టపటపమని చప్పుడు. ఒక చేత్తో పైజమా, రెండో చేత్తో సంచీ పట్టుకుని మహారాజుగారు పరుగెత్తుకొస్తున్నారు. సంచీ వదిన చేతిలో పెట్టాక గానీ ఆయనకు తన కాళ్ళ సంగతి గుర్తు రాలేదు. మేనేజరమ్మ ఇటు తిరిగింది.

నాకు ఒక్క అబద్ధమూ తోచలేదు. బుద్ధెరిగాక అలా జరగడం అదే మొదటిసారి.

వదిన చటుక్కున ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

"పట్టుకుని నాలుగడుగులు వేయిద్దామని చూశానమ్మా. లాభం లేదు, కాళ్ళల్లో పస లేదు. కుర్చీ తెప్పించు."

మహారాజుగారు వెంటనే కాళ్ళు వదిలేశారు. వదిన సగానికి కుంగింది.

మేనేజరమ్మకు కళ్ళు చెమర్చాయి. "నాలుగడుగులు వేయించబోయారా? డాక్టరు వల్ల కూడా కాలేదు పెద్దమ్మగారూ. ఇకనుంచి పొద్దునా సాయంత్రం నేనే దగ్గరుండి వ్యాయామం చేయిస్తాను."

కుర్చీ వచ్చింది. ఆముదం తాగిన మొహంతో మహారాజుగారు అందులో కూలబడ్డారు.

వ్యాను మలుపు తిరిగాక నాకు దిగులు పట్టుకుంది. వ్యాయామంతో నడక వచ్చేసిందంటే పైకి పంపేస్తారేమో అన్నాను.

"నడక ఎప్పటికి రావాలో ఆయన కాళ్ళు, ఆయన ఇష్టం. అందాకా మాస్టారికి ముక్కలు చదువుతాడు," అంది వదిన. "తేరగా ఊరేగాడుగా ఇన్నాళ్ళూ, కాస్త చెమట పట్టనీ. జరుగు, నా నడుం పోయింది."