అరికాళ్ళలో పడవ

మౌల్మేన్‌కూ మర్తబాన్‌కూ మధ్య బర్మాలోని సాల్వీన్ నది మీద ఇంజన్ పెట్టిన రేవు పడవ నడిపినవాడు ఓన్ ఖైన్. వంతెన కట్టాక పడవ ఆగిపోయింది. అప్పట్నుంచీ ఇంట్లో కూర్చుని వంతెనను తిట్టడమే ఆయన పని. విని విని విసిగిన భార్య తన్ యీ, వానలు మొదలవగానే ఆయన్ను కొండమీది ధ్యాన విహారంలో పది రోజులకు దిగబెట్టి వచ్చింది.

అక్కడి భిక్షువు చెప్పిన పని వినడానికి తేలికే. కళ్ళు మూసుకుని మనసును నడినెత్తి నుంచి పాదాల దాకా మెల్లగా నడిపించాలి. దురదైనా మంటైనా ఉన్నదాన్ని ఉన్నట్టు చూడాలి, కదలకూడదు. ఓన్ ఖైన్‌కు నెత్తిమీద ఏమీ తెలియలేదు. ఆ మాటే వెళ్ళి చెబితే, తెలియకపోవడాన్నే చూడమన్నాడు భిక్షువు. ఇదేం విడ్డూరమని గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు.

తరవాత మోకాలు మొదలైంది. మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. కుర్చీ అడిగితే ఇచ్చారు. కుర్చీలో కూర్చుంటే నొప్పి నడుముకెక్కింది. దానికి తోడు పక్కాయన త్రేన్పులు. అన్నీ మారిపోతాయని పూటపూటా చెప్పే ఈ స్వామి, పొద్దున పెట్టే ఉడకబెట్టిన బఠాణీల అన్నం మాత్రం మార్చడేమని ఒళ్ళు మండింది. నొప్పి మారదని నిరూపించి ఆయన నోరు మూయించాలని, పంతం పట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది కాస్తా సలపరమైంది, సలపరం వేడైంది, చూస్తుండగానే జారిపోయింది. ఉక్రోషం వచ్చింది.

ఓ సాయంత్రం మనసు పాదాల దాకా దిగేసరికి అరికాళ్ళలో సన్నటి అదురు. ఇంజన్ అదురు. చుక్కాని పట్టుకుని నిలబడ్డప్పుడు చెక్కల్లోంచి కాళ్ళకెక్కేదే అది. అది పోకుండా ఊపిరి బిగబట్టి ఆపుకోబోయాడు. నిలవలేదు.

నేరుగా భిక్షువు దగ్గరికి వెళ్ళాడు.

"ఇదేం పద్ధతి స్వామీ? వద్దన్న నొప్పి పోయింది, సరే. కావాలనుకున్నది కూడా పోయిందే."

"దేన్ని ఉండమన్నావు, దాయకా?" భక్తులందర్నీ పిలిచినట్టే పిలిచి అడిగాడు భిక్షువు.

"పడవని."

తన నోట ఆ మాట విని తనే తడబడ్డాడు. ఇన్నేళ్ళూ వంతెనను తిట్టాడే గానీ, పడవ మీద బెంగగా ఉందని ఎవరితోనూ అనలేదు. భిక్షువు వెళ్ళి కూర్చోమని చెయ్యి చూపించాడు. విసుక్కుంటూనే వెళ్ళి కూర్చున్నాడు.

ఆఖరి రోజు భార్య వచ్చింది. దోమలూ, బఠాణీలూ, స్వామి వంకర జవాబులూ అన్నీ ఏకరువు పెట్టాడు.

"అయితే ఇక రావన్నమాట," అందామె.

"వస్తా. ఆయనతో తేల్చుకోవాల్సింది ఇంకా ఉంది."

వానలో మెట్లు దిగుతున్నారు. సగం దూరంలో ఆగాడు.

"పడవ ఇక రాదు, తన్ యీ."

"రాదయ్యా," అని, గొడుగు ఆయనవైపు జరిపింది.