రెండేళ్లు ఆగాలి

అక్కకు గుండె కవాటం మార్చాలి. రెండు నెలలు మించనివ్వొద్దని డాక్టరు తేదీ కూడా ఇచ్చాడు. తీరా తమ్ముడు చూడబోతే, ఆమె తీరిగ్గా బట్టలు మడతపెడుతోంది.

"ఆసుపత్రికి ఫోన్ చేసి వద్దని చెప్పేశానురా. బీమా చట్టం మారిందట. పాత జబ్బులకు రెండేళ్లు ఆగాలట."

"ఎవరు చెప్పారక్కా?"

"ఒకరు చెప్పేదేంటి, అచ్చులోనే ఉంది" అంటూ నర్సుల సంఘంవాళ్లు ఇంటింటికీ పంచిన కరపత్రం చేతిలో పెట్టింది.

అతను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఆ కరపత్రం తను దిద్దిందే. 'భీమా'ను 'బీమా' చేసినట్టు గుర్తుంది కానీ, విషయమేమిటో గుర్తులేదు. అనుమానంతో గ్రంథాలయానికి వెళ్లాడు.

"పేపర్లో రాసింది కావాలా, చట్టంలో ఉన్నది కావాలా?" అని అడిగింది లైబ్రేరియన్.

"చట్టమేనండీ."

ఆమె గెజిట్ తెచ్చిపెట్టింది. ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివాడు. తొమ్మిదో నిబంధన దగ్గర వేలు ఆగిపోయింది. పాత జబ్బులున్నవారు ఇకపై రెండేళ్లు ఆగాల్సిన అవసరం లేదు.

పరుగున ప్రెస్సుకు వెళ్లి పాత ప్రూఫుల కట్ట విప్పాడు. సంఘంవాళ్ల రాతప్రతి సరిగ్గానే ఉంది. టైపు చేసేటప్పుడు చివరి రెండు మాటలు ఎగిరిపోయాయి. 'రెండేళ్లు ఆగాల్సిన' అని వాక్యం సగంలో తెగితే, రాతప్రతి తిరగెయ్యకుండా, 'ఆగాలి' అని ఎర్ర పెన్నుతో సరిచేసింది తనే.

యజమాని ఆ కాగితం చూసి ఆర్డర్ల పుస్తకం తీశాడు. "ఐదువేల కాపీలు వేశాం" అన్నాడు నెమ్మదిగా.

తమ్ముడు ఇంటికెళ్లి అక్కకు దాచకుండా చెప్పాడు. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"నా ఆపరేషన్ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మిగతావాళ్ల దగ్గరికి వెళ్లు" అంది.

ఆసుపత్రివాళ్లు మూడు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఈలోగా అతను సవరణ కాగితాలు పట్టుకుని సంఘంవాళ్లతో కలిసి వీధులు తిరిగాడు. చాలామంది విసుక్కున్నారు. కొందరు దణ్ణం పెట్టారు.

ఒక ఇంట్లో పెద్దాయన గుమ్మంలోనే నిలబడి కాగితం రెండుసార్లు చదివాడు.

"మా ఆవిడ కూడా ఆగిందండీ" అన్నాడు.

"ఇప్పుడెలా ఉన్నారండీ?"

"పోయి తొమ్మిది రోజులైంది."

తప్పు ఎవరిదని ఆయన అడగలేదు. అడక్కపోయినా చెప్పాలనుకుని అతను నోరు తెరిచాడు. అంతలోనే పెద్దాయన లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి, కూర్చోమని కుర్చీ జరిపాడు.